ఈనిడ్ వంటింట్లో రాయి

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. గోడెక్కినవాళ్ళు కాళ్ళు ఊపకండి. పొద్దున బోర్డు మీద రాసుకున్న మూడు మాటలు గుర్తున్నాయా? కష్టాన్ని తప్పించుకుపోవడం, కష్టంతో సర్దుకుపోవడం, కష్టానికి ఎదురు నిలవడం. పుస్తకంలో పక్కపక్కనే ఉన్నాయి కదా అని అన్నీ ఒకటే అనుకోకండి.

ఈనిడ్ మన యార్క్‌షైర్ లోయలో ఇరవై రెండేళ్ళు బడి బస్సు నడిపింది. పొద్దున్నే టీ తాగి, కోటు తొడుక్కుని, బస్సు అద్దం తుడిచి బయల్దేరేది. ఒక డిసెంబరులో అద్దం ఎంత తుడిచినా మసక పోలేదు. ఆ మసక అద్దంలో లేదని ఆమెకు తెలుసు. డాక్టరుకు చూపిస్తే బస్సు తాళాలు తీసేసుకుంటారు. బస్సు లేకపోతే తనకింకేముంది? గొర్రెలు ఈనే కాలం అయ్యాక చూద్దాంలే అనుకుంది. మర్నాడు వంటింట్లో రొట్టెముక్కంత రాయి మొలిచింది.

కష్టం దాచినవాళ్ళింట్లో రాయి మొలవడం మనకు కొత్త కాదు. ఈనిడ్ దాని పక్కనుంచి చుట్టూ తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్ళడం అలవాటు చేసుకుంది. అది గొర్రెపిల్లంత అయ్యాక పైన గళ్ళగుడ్డ పరిచింది. ఆమె మరిది క్లిఫర్డ్ రోజూ టీకి వచ్చేవాడు. ఒకరింటి రాయి గురించి అడగడం మనలో మర్యాద కాదు కదా, దానిమీదే కప్పు పెట్టుకుని, వాన సంగతులు మాట్లాడి వెళ్ళేవాడు.

మార్చిలో ఒకరోజు పొద్దున రాయి తలుపుకు అడ్డం పడింది. ఈనిడ్ భుజం పెట్టి నెట్టినా కదల్లేదు. బయట వంతెన మీద మంచు పేరుకుంది. కిటికీ అవతల క్లిఫర్డ్ నిలబడ్డాడు. ఈసారి చేతిలో కప్పు లేదు.

"చలి బాగా ఉంది కదూ వదినా," అన్నాడు. తర్వాత టోపీ తీశాడు. "అది కాదు. ఈ రాయేంటి వదినా?"

పదమూడు వారాల్లో ఎవరూ అడగని మాట. ఈనిడ్ కుర్చీ లాక్కుని రాయికి ఎదురుగా కూర్చుంది.

"నాకు కళ్ళు సరిగ్గా ఆనడం లేదు," అని రాయితోనే చెప్పింది. "నిన్న వంతెన దగ్గర ఒక పిల్ల అడ్డంగా వచ్చింది. దాని ఎర్రటోపీ ఆఖరి క్షణంలో కనబడబట్టి బస్సు ఆపగలిగాను."

రాయి చప్పుడు లేకుండా కుంచించుకుపోయింది. పూర్తిగా పోలేదు, రెండు చేతుల్లో పట్టేంత మిగిలింది. తలుపు తెరుచుకుంది.

"పద వదినా, డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తా."

"నువ్వా? కారుని ట్రాక్టరులా తోలతావు," అంటూనే ఆమె కోటు తొడుక్కుంది.

ఒక కన్ను బాగుపడింది, రెండోది బాగుపడలేదు. తాళాలు ఇచ్చేసిన రోజు ఈనిడ్ ఏడ్చింది. ఇప్పుడు బస్సులో ముందుసీట్లో కూర్చుని మిమ్మల్ని ఒక్కొక్కర్నీ లెక్కపెట్టేది ఎవరనుకున్నారు? మంచు పడితే కొత్త డ్రైవరుకు ప్రతి మలుపూ ముందే చెప్పేది ఎవరు?

మిగిలిన రాయిని ఆమె ఈ గోడలో ఖాళీ ఉన్నచోట పేర్చింది. బ్రయనీ, నువ్వు కూర్చున్నది దానిమీదే.

ఇక లేవండి, ఇళ్ళకెళ్ళండి. ఇంట్లో ఎక్కడైనా రాయి కనిపిస్తే దానిమీద కప్పు మాత్రం పెట్టకండి. అదేంటని అడిగి, అప్పుడు అన్నాలకు కూర్చోండి.