ఒక్క బార దూరం

నొప్పే అయితే ఒక్కోసారి ఒక్కోలా రావాలి కదా, ఒకసారి గట్టిగా, ఒకసారి సన్నగా, ఆసుపత్రిలో నాన్న గొంతులోంచి వచ్చిన ఆ ఓ అనే శబ్దం మాత్రం పదకొండు రోజులూ ఒకే చోట మొదలై ఒకే చోట ఆగింది, ఆగగానే నా ముఖంలోకి చూసేవాడు, పక్షవాతంతో ఒక పక్కకి పడిపోయిన మూతితో, ఏం కావాలి నాన్నా అంటే మళ్ళీ ఓ, అంతే, ఆయన పోయి నెల దాటింది, ఏమడిగాడో నాకింకా తెలియదు, మేడమ్ నా నంబర్ పిలిచారా అంటోంది ఎవరో పిల్ల, పిలిచాను, రా, నిలబడు, పాడు, తొమ్మిదో తరగతి బి సెక్షన్, సంగీతం పరీక్ష, నా ముందు మార్కుల కాగితం, శ్రుతికి అయిదు, లయకి అయిదు, స్పష్టతకి అయిదు, నిర్వచనానికి అయిదు, కిటికీ బయట కూర్మన్నపాలెం జంక్షన్లో బస్సులు ఒకదాని మీద ఒకటి హారన్ కొడుతున్నాయి, వాటికెన్ని వెయ్యాలో ఎవరైనా చెబితే బాగుండును, పిల్ల పాడుతోంది, బాగానే పాడుతోంది, నేను వినడం లేదు.

పొద్దున ప్రిన్సిపాల్ శ్రీనివాసరావుగారు వరండాలోనే ఆపేశారు, సూర్యకళగారూ, మూడింటికల్లా అందరికీ ఏ గ్రేడు వేసి ఇచ్చేయండి, జూన్ నుంచి మీ పీరియడ్ ఫౌండేషన్ కోర్సుకి ఇచ్చేస్తన్నాం, మీరేటీ అనుకోకండి, పేరెంట్స్ అడుగుతన్నారండి, సంగీతం వల్ల ఏటొస్తాదని, ఏం చెప్పమంటారు వాళ్ళకి, మీరే చెప్పండి, అన్నారు, మంచి మనిషే, నాన్న పోయినప్పుడు ఇంటికొచ్చి అరగంట కూర్చున్నారు, ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆ ప్రశ్నకి నా దగ్గరున్నది ఒకే ఒక్క జవాబు, నోట్సులో ఏటేటా రాయించేది, అయిదు మార్కుల ప్రశ్న, సంగీతం అనగానేమి, పని సులువు కావడానికి నోటినుంచి వచ్చేది కేక, ఏ పనికీ కాక కేవలం వినడానికి పాడేది సంగీతం, అదే కళ, పిల్లలు గడగడా అప్పజెప్పేవారు, నేను సంగీత కళాశాలలో నేర్చుకున్న ముక్క, ఇప్పుడు ప్రిన్సిపాల్‌గారూ అదే అంటున్నారు, ఏ పనికీ రాదు కాబట్టి తీసేస్తున్నామని, నా పాఠం నాకే అప్పజెప్పినట్టుంది, వింటూ తలూపాను, ఇంకేం చేస్తాను, రోలు దగ్గరికెళ్ళి మద్దెల మొరపెట్టుకుంటే ఏం లాభం, నెక్స్ట్, పదిహేడో నంబర్ రా అమ్మా.

పదిహేడో నంబర్ గొంతు కీచుగా ఉంది, మా వాసు చిన్నప్పటి గొంతులా, తమ్ముడు వాసు పోర్టులో క్రేన్ మీద పనిచేస్తాడు, వల ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు వాడికి, వాడు పెద్దవాడయ్యేసరికి మా జాలారిపేటలో అందరివీ మోటారు బోట్లే, ఒడ్డున నిలబడి ఇరవైమంది రెండు తాళ్ళు పట్టి లాగే అలివి వల ఎప్పుడో మూలపడింది, నాకు మాత్రం తెలుసు, ఆరేళ్ళప్పుడు నాన్న మడమల వెనకే నడిచి తాడు పట్టుకున్నాను, అది పట్టుకోవడం కాదు, పట్టుకున్నట్టు నటించడం, తడిసిన కొబ్బరి తాడు అరచేతిలో గీసుకుని మండేది, నాన్న ఎల్లాజీ ఆ గుంపుకి పాటగాడు, ఆయన ఎత్తుకుంటేనే తాడు కదిలేది, అప్పుడు నేను నాను అనేదాన్ని, సేపలు అనేదాన్ని, కళాశాలలో చేరిన మూడు నెలలకి నేను అనీ చేపలు అనీ నోరు తిప్పుకున్నాను, నాన్న ఎంత మురిసిపోయాడో, మా సూరి టీవీలో మాటాడినట్టు మాటాడతందర్రా అని పేటంతా చెప్పుకున్నాడు, ఆ మురిపెమే నన్నిప్పుడు కాల్చుకు తింటోంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, అరుగు మీద కూర్చుని నేను వార్షికోత్సవానికి పాటల జాబితా రాసుకుంటుంటే, నాన్న వల బాగుచేసుకుంటూ, పిల్లలకి మన వల పాట నేర్పకూడదేటే అన్నాడు, నవ్వాను, నవ్వకుండా ఉండాల్సింది, అది పాట కాదు నాన్నా, అది పని కోసం వేసే కేక, కళ అంటే వేరు అన్నాను, నోట్సులో ఉన్నది ఉన్నట్టు, ఆయన దారం పంటితో కొరికి, సేప పడ్డా పడకపోయినా పాడినాం కదమ్మా, ఉట్టి వల వచ్చిన రోజు ఇంకా గట్టిగా పాడీవోళ్ళం, అది మరి ఏ పని కోసమంటావు, అన్నాడు, వాదనకి కాదు, నిజంగా తెలుసుకోవాలని, పెద్ద చదువు చదువుకున్న కూతురు చెబుతుందని, నేను జాబితాలో మూడో పాట రాసుకుంటున్నాను, అది పుస్తకాల్లో లేదులే నాన్నా అన్నాను, ఆ తర్వాత ఆయన నేను విన్నంతలో ఎప్పుడూ పాడలేదు, కర్మ రోజున వాసు చెప్పాడు, నువ్వు లేనప్పుడు పాడీవోడే అక్కా, నువ్వొత్తన్నావంటే ఆపీసీవోడు, నీకు సిన్నతనంగా ఉంటాదని, అంత మామూలుగా చెప్పి విస్తళ్ళు తేవడానికి వెళ్ళిపోయాడు, నేను పెరట్లోకి వెళ్ళి బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని ఏడ్చాను.

ఇరవై ఒకటో నంబర్, రాలేదు, ఆబ్సెంట్, నాన్న ఉన్న ఆసుపత్రిలో అనూరాధ అని ఒక ఫిజియోథెరపీ అమ్మాయి, ఆయనకి కాలూచేయీ కదిలించే వ్యాయామం చేయించేది, ఒకరోజు అంది, మాట పోయినా ఒక్కోపాలి పాట పోదండి, ఈయనకొచ్చిన పాటేదైనా ఉందా, మీరు అందుకుంటే ఈయనా అంటారేమో, ఏ పాటొచ్చండి ఈయనకి, అని, నేనేమన్నాను, నేనేమన్నానో ఎవరికీ చెప్పలేదు, వాసుకి కూడా, మా నాన్నకి పాటలు రావండీ అన్నాను, నేను సంగీతం టీచర్ని, నేనే పాడతాను అన్నాను, గొంతు సవరించుకుని, నర్సులు కూడా వింటున్నారు కదా అని కాస్త పైస్థాయిలోనే, ఒక కీర్తన మొదటినుంచి చివరిదాకా పాడాను, నాన్న కళ్ళు మూసుకున్నాడు, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు, నాకు కోపం కూడా వచ్చింది, ఇంతమందిలో పాడితే అలాగేనా అని, తర్వాత ఇటు తిరిగి నన్నే చూస్తూ మళ్ళీ ఓ, కింద మొదలై మెల్లిగా పైకెక్కి పంచమం దగ్గర ఆగింది, అది పంచమమని నాకు తెలిసింది, ఆ చెవి ఉంది నాకు, ప్రతిసారీ అదే ఎక్కుడు, అదే ఆగుడు, తెలిసి కూడా నొప్పనుకున్నాను, నొప్పికి శ్రుతి ఎక్కడైనా ఉంటుందా, నీరడుగుతన్నాడే అక్కా అన్నాడు వాసు, ఆయాసమమ్మా ఏటీ కాదు అంది నర్సు, నేను తల ఎత్తిపట్టి చెంచాతో నీళ్ళు పోశాను, సగం గడ్డం మీదుగా కారిపోయాయి, తుడిచాను, మళ్ళీ ఓ, మళ్ళీ నీళ్ళు.

ఇరవై రెండు, చిట్టెమ్మ, అప్పికొండ వైపు నుంచి ఆటోలో వచ్చే పిల్ల, నాయనమ్మ పేరు పెట్టారని క్లాసంతా ఏడిపిస్తారు, తలొంచుకుని నిలబడింది, మేడమ్ నాకా గీతం రానేదు, మా తాత పాటొకటి పాడనా, అంది, ఏం పాట, వల పాట మేడమ్, వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు, నా నాలిక చివర సిద్ధంగా ఉంది, అది పాట కాదమ్మా అనే మాట, ఇరవై ఆరేళ్ళుగా అరిగిన మాట, జూన్ నుంచి ఎలాగూ ఉండదు కదా ఈ క్లాసు, కాగితాన్నెవరు చూస్తారు, పాడు అన్నాను, ఆ పిల్ల గడ్డం పైకెత్తింది, రెండు చేతులూ నడుం దగ్గర బిగించింది, ఓ, అని ఎత్తుకుంది, కిందనుంచి, మెల్లిగా ఎక్కుతూ, ఓ ఒడ్డెంత దూరం, పంచమం దగ్గర ఆగింది, ఆగి నా ముఖంలోకి చూసింది.

ఎక్కడ, ఈ చూపెక్కడ చూశాను, మర్చిపోయావా, తర్వాతది పాడు అన్నాను, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, మర్సిపోనేదు మేడమ్, ఎనక మాట మీరనాల, అంది, నేనా, మీరంటే తాడు పట్టినోళ్ళు మేడమ్, వల అడిగినట్టు పాటగాడు అడగాల, ఒడ్డెంత దూరమని, తాడు పట్టినోళ్ళు జవాబు సెప్పాల, సెప్పకపోతే పాటగాడు ముందుకెల్లకూడదంట, మళ్ళీ అదే అడగాలంట, ఎవులో ఒకలు సెప్పీదాకా అడుగుతానే ఉండాలంట, మా తాత సెప్పాడు, మా ఇంట్లో ఎవులూ సెప్పరు మేడమ్, అందుకే తాత కూడా ఒక్క ముక్క కాడే ఉండిపోతాడు, అంటోంది, పిల్లలు నవ్వుతున్నారు, నా కాళ్ళ కింద సిమెంటు గచ్చు లేదు, తడి ఇసక, ముందు నాన్న మడమలు, వెనక ఇరవై గొంతులు, వాటి మధ్య నా ఆరేళ్ళ గొంతు, ఒక్క బారే, ఒక్క బారే ఓలమ్మా, వల కనుచూపు మేరలో లేకపోయినా ఒక్క బారే, చాచిన రెండు చేతులంతే దూరం, అబద్ధం కదా నాన్నా అంటే, అబద్దం కాదే సూరీ, దూరమని సెప్తే సేతులు సచ్చిపోతాయి, ఒక్క బారే అంటేనే వలొస్తాది, అన్నాడు, ఇవన్నీ ఎక్కడున్నాయి ఇన్నాళ్ళూ, ఏ కాగితం కింద పెట్టాను వీటిని.

ఒక్క బారే, అన్నాను, గొంతు జీరపోయింది, శ్రుతి లేదు, అయిదుకి ఒకటి కూడా రాదు, ఒక్క బారే ఓలమ్మా, చిట్టెమ్మ ముఖం వెలిగింది, మళ్ళీ అడిగింది, ఈసారి నవ్వినవాళ్ళు కూడా కలిశారు, నలభైమందీ, బల్లల మీద చేతులు వేసి, ఒక్క బారే, అప్పుడు పిల్ల రెండో చరణం ఎత్తుకుంది, గాలి గురించో నీటి గురించో, నాకు తెలియని చరణం, మర్చిపోయినదో, మా గుంపు పాటలో లేనిదో, అడుగుదామంటే నాన్న లేడు, కాగితం మీద అక్షరాలు అలుక్కుపోతున్నాయి, మేడమ్ ఏడుత్తన్నారు అంటోంది ముందు బెంచీ పిల్ల, ఏడుస్తున్నాను, ఏడవనీ, శ్రీనివాసరావుగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు, ఏమైంది సూర్యకళగారూ అంటున్నారు, ఏమీ కాలేదండీ, ఆ ఆసుపత్రి గదిలో ఆఖరి పదకొండు రోజులూ నర్సుంది, వాసు ఉన్నాడు, డాక్టర్లు వచ్చిపోయారు, వాళ్ళెవరూ ఎప్పుడూ తాడు పట్టలేదు, పట్టినదాన్ని నేనొక్కదాన్నే, అందుకే ఆయన నన్నే చూశాడు, నాన్న నీళ్ళడగలేదు, ఒడ్డెంత దూరమని అడిగాడు, జవాబు వచ్చేదాకా అదే అడగాలి కాబట్టి పదకొండు రోజులూ అడిగాడు, ఒక్క బారే నాన్నా అని నేను అనలేదు.