మంట లేని పొయ్యి

నేను ఒక గాజు పొయ్యిని. గాజు అనగానే మీకు మందుసీసా గుర్తుకు రావచ్చు. నేను అలాంటిదాన్ని కాను. ఇసుకను కరిగించి, పలకగా సాగదీసి, మళ్ళీ కొలిమిలో పెట్టి చాలాసేపు కాల్చి నన్ను తయారుచేశారు. ఆ రెండో కాల్పుతో నాలో సగం పింగాణీ గుణం వచ్చింది. ఒళ్ళంతా నలుపు, పైన రెండు గుండ్రటి గీతలు. ముందంచున వేలు తాకిస్తే పనిచేసే గుర్తులు. స్విచ్ వేస్తే నా కింద తీగలు కాగి, గీత లోపలంతా ఎర్రగా వెలుగుతుంది. గిన్నె వేడెక్కుతుంది కానీ మంట మాత్రం రాదు. ఆ ఒక్క గుణం చూసే కాకినాడలో వీరభద్రం గారు నన్ను ఇంటికి తీసుకువెళ్ళారు.

ఆయన కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు. కొట్టులో నా ముందు చాలాసేపు నిలబడ్డారు. "మంట అస్సలు రాదు కదండీ?" అని మూడుసార్లు అడిగారు.

"చీర కొంగు తెచ్చి మీద పరిచినా అంటుకోదండి. మంటే లేదు కదండి మరి!" అన్నాడు కొట్టతను.

వినాలనుకున్న మాట ఒకసారి చెవిన పడ్డాక మనుషులు ఇంకో ప్రశ్న వెయ్యరు. ఎంత కాలుతుందో ఆయన అడగలేదు. కొట్టతనూ చెప్పలేదు.

ఆయన భయమంతా భార్య వకుళ గురించి. నలభై నాలుగేళ్ళ మనిషి. కాలేజీ లైబ్రరీలో పనిచేసేది. కొన్నేళ్ళుగా ఆమె చూపు అంచుల నుంచి మూసుకుంటూ వస్తోంది. ఎదురుగా ఉన్నది మాత్రం, గొట్టంలోంచి చూసినట్టు, కొద్దిగా కనిపించేది. దీనికి మందు లేదని డాక్టర్లు చెప్పేశారు. పుస్తకాల వెనక పేర్లు కనపడని రోజు వచ్చాక ఉద్యోగం మానేసింది. ఆ తర్వాత ఒక రోజు గ్యాస్ మంటకు కొంగు అంటుకుంది. పక్క వాటా ఆవిడ చూసి బకెట్టు నీళ్ళు కుమ్మరించబట్టి బతికింది. ఆ వారంలోనే నేను వచ్చాను.

కరెంటు పని తెలిసినాయన కాబట్టి నా తీగలన్నీ వీరభద్రం గారే బిగించారు. తర్వాత వంటింటి గుమ్మంలో పీట వేసుకుని, నాతో వచ్చిన పుస్తకాన్ని మొదటినుంచి చివరిదాకా పైకి చదివారు. ఆమె గట్టుకు ఆనుకుని విన్నది. గిన్నె ఈడ్చకూడదు, ఎత్తి పెట్టాలి. పీచు పెట్టి తోమకూడదు. చల్లారేదాకా ఆగి తడిగుడ్డతో తుడవాలి. మాడు అంటుకుంటే వంటసోడా చల్లి, తడిగుడ్డ కప్పి, నానాక బ్లేడును ఏటవాలుగా పట్టుకుని గీరాలి.

"ఒక్క దాంట్లో మాత్రం తేడా ఉందోయ్," అన్నారాయన. "పంచదార గానీ బెల్లం గానీ పొంగితే చల్లారేదాకా ఆగకూడదట. వేడి మీదే గీరెయ్యాలట. లేకపోతే అది గట్టిపడి గాజు పెచ్చును ఊడదీసుకుని వస్తుందట."

"అన్నిటికీ చల్లారాక, తీపికి వేడి మీద," అని ఆమె వల్లె వేసుకుంది.

అప్పుడాయన స్విచ్ వేశారు. నాలో ఎరుపు లేచింది. ఆమె వంగి, ముఖం దగ్గరగా తెచ్చి, "కనపడుతోందండీ! సూర్యుడు ములిగే ముందు ఉన్నట్టుంది!" అంది. ఆయన తల పక్కకు తిప్పుకుని ముక్కు చీదుకున్నారు. నేను ఆ ఇంట్లో చూసిన అన్ని రోజుల్లోకీ సంతోషమైనది అదే.

ఆమె నన్ను తుడిచే పద్ధతి వేరు. కళ్ళున్నవాళ్ళు పొయ్యిని ఒకసారి చూసి, గుడ్డ ఒకసారి లాగి వెళ్ళిపోతారు. ఆమె ముందు కుడిచేతి వేళ్ళతో ఈ చివరి నుంచి ఆ చివరికి తడిమేది. ఎండిన పాలచుక్క, చింతపండు పులుసు మరక, పోపులోంచి ఎగిరిన ఆవగింజ తొక్క, అన్నీ ఆ వేళ్ళకు చిక్కేవి. మరక దొరికిన చోట చూపుడువేలు ఉంచి, ఎడమచేత్తో గుడ్డ తెచ్చేది. తుడిచాక మళ్ళీ తడిమేది. నా నునుపు తిరిగి వచ్చిందని తెలిశాక చిన్నగా నిట్టూర్చేది. గుర్తులు ఆమెకు తెలియడం కోసం వీరభద్రం గారు వాటి పక్కనే, గట్టిపడే ఎంసీల్ ముద్దతో, కందిబద్దంత చుక్కలు అంటించారు. ఆమె అవే వేళ్ళతో మంగళవారాలు, శుక్రవారాలు బ్రెయిలీ నేర్చుకోవడానికి వెళ్ళేది. ఇంటికొచ్చాక ఆ రోజు చదివిన వాక్యాన్ని గుర్తుతెచ్చుకుంటూ నా మీద వేలు ఆడించేది. లైబ్రరీలో పుస్తకాలు అందించినామె, మళ్ళీ ఒకటో తరగతి పిల్లలా కూడబలుక్కునేది.

ఒకసారి వీరభద్రం గారి చెల్లెలు భ్రమరాంబ పెద్దాపురం నుంచి వచ్చింది. మంచిదే. కానీ తోచింది నోట్లో ఉంచుకోలేని మనిషి. టీ పెట్టుకుందామని వంటింట్లోకి వచ్చి, నా వెనకంచున, గోడకు చేరువగా, గట్టిపడిన పాల మరకను చూసింది. వకుళ వేళ్ళు అందాకా వెళ్ళలేదు.

"అన్నయ్యా, ఒకసారి ఇలా రా. చూశావా? వదినకి కనపట్టం లేదు కదా. రేపు కూరలో ఏ బొద్దింకో పడినా తెలీదు. వంటమనిషిని పెట్టుకోరాదూ!"

"నెమ్మదిగా మాట్లాడవే," అన్నారాయన. ఆ మాట వెంటే, "చూద్దాంలే" అని కూడా అన్నారు.

వకుళ పక్కగదిలోనే ఉంది. చూపు తగ్గినవాళ్ళ చెవులు ఎంత పదునో మంచి మనసుతో మాట్లాడేవాళ్ళు మరిచిపోతుంటారు. మర్నాటి నుంచి ఆమె నన్ను తుడవడం రోజుకు నాలుగుసార్లయింది. గట్టు మీదికి వంగి గోడ మూలదాకా తడిమేది. నా మీద మరక కనపడితే అది మరకగా మిగలదని, తనను వంటింట్లోంచి పంపించే సాక్ష్యం అవుతుందని ఆమెకు అర్థమైంది. ఉద్యోగం పోయింది, చదువు పోయింది, బజారుకు ఒంటరిగా వెళ్ళడం పోయింది. మిగిలింది ఆ గట్టు ఒక్కటే.

వానలు మొదలైన నెలలో ఒక ఉదయం ఆమె స్విచ్ వేసి, ఎప్పటిలాగే వంగి చూసింది. నేను నిండా ఎర్రగా ఉన్నాను. ఆమె ఆపి, మళ్ళీ వేసింది. అరచెయ్యి గాలిలో పట్టుకుని, సెగ తగలగానే వెనక్కి తీసుకుంది. నేను వెలుగుతున్నానని అప్పుడు తెలిసింది ఆమెకు.

అవతలి గదిలోంచి, "కాఫీ అయిందా వకుళా?" అని ఆయన పిలిచారు.

"ఆఁ, అవుతోందండీ. ఎర్రగా కాగుతోంది," అంది.

నా మూలన ఒక చిన్న ఎర్రదీపం ఉంది. నేను చల్లారేదాకా వెలుగుతుంది. నన్ను చేసినవాళ్ళు మనిషిని హెచ్చరించడానికి పెట్టింది అదొక్కటే. ఆ రోజు నుంచి ఆ దీపం ఆ ఇంట్లో ఎవరికోసమూ వెలగలేదు.

శ్రావణమాసంలో ఒక పగటిపూట ఆయన డ్యూటీకి వెళ్ళాక, ఆమె వేరుశనగ ఉండలు చేద్దామని బెల్లం పాకం పెట్టింది. ఆయనకి ఇష్టం. గరిటె అంచున పాకం చుక్కను నీళ్ళలో వేసి, వేళ్ళతో నలిపి చూసుకుంటోంది. ఇంతలో సెల్‌ఫోను మోగింది. ఆమె అటు తిరగడం, గిన్నె కాడకు మోచెయ్యి తగలడం ఒక్కసారే జరిగాయి. పాకం సగం నా మీద పడింది.

ఆమె వెంటనే స్విచ్ ఆపింది. గిన్నె ఎత్తి పక్కన పెట్టింది. అక్కడితో ఆగి, నన్ను అలా వదిలేసి ఉంటే నాకు ఒక పెచ్చు ఊడేది, అంతే. కానీ "తీపికి వేడి మీద" అన్న మాట ఆమెకు గుర్తుంది. పెచ్చు ఊడిన చోటు సాయంత్రం ఆయనకు కనపడుతుందనీ గుర్తుంది. ఆమె బ్లేడు అందుకుంది.

నేర్పుగానే గీరింది. ఏటవాలుగా పట్టుకుని, పాకాన్ని మధ్య నుంచి చల్లని అంచువైపు లాగింది. ఒకసారి, రెండోసారి, మూడోసారి. నేను ఆమెను హెచ్చరించలేను. నాకు నోరు లేదు, ఉన్నదల్లా ఆ ఎర్రదీపం. నాలుగోసారి బ్లేడు జిగటలో జారింది. ఆమె కుడిచేతి మూడు వేళ్ళూ ముందుకు వెళ్ళి, కాగుతున్న పాకంలో, నా మీద ఆనాయి.

పాకం నీళ్ళలాంటిది కాదు. పట్టుకుంటే వదలదు.

ఆమె పెట్టిన కేక విని ఎవరూ రాలేదు, పక్క వాటావాళ్ళు ఊళ్ళో లేరు. కుళాయి కింద చెయ్యి పెట్టి ఏడ్చింది. ఏడుస్తూనే, పాకం గట్టిపడేలోగా, ఎడమచేత్తో బ్లేడు తీసుకుని మిగిలిన పాకమంతా గీరింది. తుడిచింది. తర్వాతే ఆయనకు ఫోన్ చేసింది.

వీరభద్రం గారు పరుగున వచ్చేసరికి ఆమె కుడిచేతిని చెంబులో నీళ్ళలో ఉంచుకుని వంటింటి గోడకు ఆనుకుని కూర్చుంది.

"గాజు బాగానే ఉందా అండీ? ఎక్కడా మరక లేదు కదా?" అని అడిగింది.

ఆయన నా వైపు చూశారు. అద్దంలా మెరుస్తున్నాను. "లేదే. ఎక్కడా ఏమీ లేదు," అని ఆమె పక్కన కూలబడ్డారు. "ఎర్రదీపం వెలుగుతూనే ఉండుంటుంది కదా వకుళా, చూసుకోలేదా?"

ఆమె తల గోడవైపు తిప్పుకుంది. దాంతో ఆయనకు అంతా తెలిసింది. ఎన్నాళ్ళయిందని మాత్రం అడిగారు. "వానలు మొదలైనప్పటి నుంచి" అంది.

పుళ్ళు మానడానికి రెండు నెలలు పట్టింది. మూడు వేళ్ళ చివరా చర్మం మందంగా, తోలులా పెరిగింది. కట్టు విప్పిన రోజున ఆమె బ్రెయిలీ కాగితం ఒళ్ళో పెట్టుకుని వేలు పోనిచ్చింది. మళ్ళీ పోనిచ్చింది. "కాగితం ఉందని తెలుస్తోంది. చుక్కలు తెలియట్లేదు," అంది నెమ్మదిగా. రెండోసారి లోకం మూసుకుపోయిన మనిషి అంత నెమ్మదిగా మాట్లాడుతుందని నేను అనుకోలేదు.

ఆయన నన్ను చూడలేకపోయేవారు. ఆ ఇంట్లోకి వంటమనిషీ వచ్చింది, గ్యాస్ పొయ్యీ తిరిగి వచ్చింది. స్క్రూలు విప్పుతుంటే వకుళ గుమ్మంలో నిలబడింది.

"దాన్నెందుకు తీస్తారండీ? నేనే తొందరపడ్డాను. దాని తప్పేముంది?"

"తప్పు దానిది కాదు. తెచ్చింది నేను కదా," అన్నారాయన.

పాత సామాన్ల కొట్టు గవర్రాజు నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "గీత కూడా లేదండి. ఈ చుక్కలు తప్ప షాపులోంచి ఇప్పుడే తెచ్చినట్టుంది. ఎందుకండి తీసేత్తన్నారు?" వీరభద్రం గారు అప్పటికే వెనుదిరిగారు. గవర్రాజు నన్ను గోడకు ఆనించి పెట్టాడు. నాలుగో రోజున ఎవరో విసిరిన ఇనుప తొట్టి నా మీద పడింది. ఆమె మూడు వేళ్ళు పెట్టి కాపాడిన గాజు ఒక్క దెబ్బకు నాలుగు ముక్కలైంది. తొట్టి విసిరినవాడు వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

నెల తర్వాత వీరభద్రం గారు మళ్ళీ వచ్చారు. గడ్డం మాసి ఉంది.

"మొన్న ఇచ్చిన గాజు పొయ్యి ఉందా గవర్రాజూ?"

"అదాండి... పగిలిపోయిందండి. ఏం, మళ్ళీ కావాలాండి?"

"మా ఆవిడ అడిగింది. నెల నుంచి వంటింట్లోకి అడుగుపెట్టట్లేదు. అన్నం పెడితే తింటుంది, లేకపోతే లేదు. నిన్న ఉన్నట్టుండి, ఆ పొయ్యి మళ్ళీ బిగించండి, మీరు పక్కన నిలబడండి, నేను వండుతాను అంది."

గవర్రాజు నా ముక్కలు చూపించాడు. ఆయన గొంతుక్కూర్చుని, పెద్ద ముక్క మీద దుమ్మును అరచేత్తో తుడిచారు.

"పోనీ దొరకలేదని చెప్పెయ్యండి. ఎవరో కొనుక్కెళ్ళిపోయారనండి. ఆవిడకేం తెలుత్తాది పాపం!" అన్నాడు గవర్రాజు.

ఆయన లేచి, పంచె దులుపుకుని, "లేదులే. పగిలిందనే చెబుతాను. ఒకరి దగ్గరొకరం దాచుకుని ఇక్కడిదాకా వచ్చాం," అన్నారు.

ఎండ ముఖాన పడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని ఆయన వీధి మలుపుదాకా నెమ్మదిగా నడిచారు. అక్కడ ఒకసారి ఆగారు. చెప్పబోయే మాట కూడదీసుకుంటున్నారేమో, వెంటనే ఇంటివైపు తిరగలేదు.