గోరంత బిళ్ళ

వైద్య విద్యార్థులు ఆ డాక్టరును చాటుగా ‘థైరాయిడమ్మ’ అనేవారు. ఎదురుపడిన మనిషి ముఖం కన్నా ముందు మెడ చూసే అలవాటు ఆమెది. గర్భిణులకు మూడో నెలలోనే థైరాయిడ్ పరీక్ష చేయాలని ఇరవై ఏళ్ళు పోరి ఆస్పత్రులను ఒప్పించింది. పదవీ విరమణ సభలో అందరూ ఆకాశానికెత్తుతుంటే ఆమె మాత్రం తలెత్తలేకపోయింది.

ఆమె తొలి పరిశోధనలో ఎనిమిది వందల మంది గర్భిణుల రక్తం తీసి, ఫ్రీజరులో దాచారు. పిల్లలకు మూడేళ్ళు నిండాకే ఆ రక్తాన్ని పరీక్షించి, వాళ్ళ ఎదుగుదలతో పోల్చాలని నియమం. కొత్త యంత్రం ఎలా పనిచేస్తుందో చూద్దామని ఆమె నాలుగు సీసాలు ముందే పరీక్షించింది. ఒకదానిలో థైరాయిడ్ లోపం చాలా తీవ్రంగా ఉంది. ఆ తల్లికి అప్పుడు నాలుగో నెల. పరుగున వెళ్ళి ప్రొఫెసరుకు చెప్పింది.

“ఇప్పుడు మందిస్తే పరిశోధన చెడుతుంది. నోరు మెదపకు,” అన్నాడాయన.

మెదపలేదు. మూడేళ్ళకు ఆ పాప రెండు మాటలు కలపలేకపోయింది. డాక్టరుకు పేరు తెచ్చిన వ్యాసంలో ఆ పాప, గ్రాఫు అడుగున ఒక చుక్క.

సభ అయిన మర్నాడు పాత రిజిస్టరులోని చిరునామా పట్టుకుని బయలుదేరింది. సందు చివర మేడమీద కుట్టు దుకాణం. మిషను ముందు ఆ తల్లి. పక్కనే ఇరవయ్యేడేళ్ళ కూతురు గుండీలను రంగుల వారీగా వేరు చేస్తోంది.

“డాక్టరమ్మా! మీరా? ఎన్నాళ్ళకి! కూర్చోండి.”

ఆమె కూర్చోలేదు. “మీ రక్తంలో థైరాయిడ్ లోపం నాకు నాలుగో నెలలోనే తెలుసు. చెప్పకుండా దాచాను. రోజుకో మాత్ర వేసుకునుంటే పాప బాగుండేదని ఖచ్చితంగా…” ఉపన్యాసాల్లో అలవాటైన మాట నాలుక మీదకొచ్చింది. మింగేసింది. “బాగుండేదేమో. ఆ అవకాశం నేనే పోగొట్టాను.”

మిషను ఆగింది.

“పదేళ్ళుగా ఆ మాత్రే మింగుతున్నా. గోరంత బిళ్ళ!” అంది దర్జీ. “కడుపుతో ఉండి మిషను తొక్కబట్టే పిల్ల ఇలా పుట్టిందని మా అత్త అనని రోజు లేదు. నేనూ అదే నమ్మాను. భయపడి ఇంకో బిడ్డని కనలేదు.”

“నన్ను క్షమించమని…”

“అది నన్నడక్కండి. లోపలికి రండి. ఇదే మాట మా అత్తకి చెప్పండి.”

లోపల మంచం మీద ముసలావిడ. చెవుడు. డాక్టరు మెల్లగా చెప్పింది. “ఆఁ?” అందావిడ. రెండోసారీ అంతే. మూడోసారి అరిచి చెప్పాల్సి వచ్చింది. “మీ కోడలి తప్పేం లేదు! తప్పు నాది!” బయట బట్టల కోసం వచ్చినవాళ్ళ కబుర్లు ఠక్కున ఆగిపోయాయి.

 ముసలావిడ కోడలిని దగ్గరకు రమ్మని మోకాళ్ళు తడిమింది. “ఈ కాళ్ళని ఎన్ని మాటలన్నానే!”

గుమ్మం దగ్గర దర్జీ అడిగింది. “నాలాంటి వాళ్ళు ఇంకెంతమంది?”

“మిగతా రక్తం పరీక్షించినప్పుడు పదకొండుమంది తేలారు.”

“వాళ్ళకి చెప్పారా?”

“లేదు.”

“మరి ఇక్కడ నిలబడి ఏం చేస్తున్నారు?”

ఆ వారమే ఆమె రెండో చిరునామా వెతకడం మొదలుపెట్టింది. ఏడాదిలో తొమ్మిదిమంది దొరికారు. ఇద్దరు ముఖం మీదే తలుపు వేశారు. ఒకావిడ కూర్చోబెట్టి అంతా విని, మళ్ళీ మొదటినుంచి చెప్పమంది. డాక్టరు మళ్ళీ చెప్పింది.