తూర్పు వైపు తలుపులు

హ్యూగో ష్టాదిక్ మీద వడ్రంగి వొంద్రూష్‌కి పీకల దాకా కోపం. ఎనిమిది ఊళ్ళలో ఎనిమిది నాటకశాలలు కట్టిన ఆ వియన్నా పెద్దమనిషి, తొమ్మిదోది కట్టడానికి ఈ మొరావియా ఊరికే, అదీ తన దొడ్డి పక్కకే రావాలా? పైగా కట్టడం పూర్తయ్యాక, దాని తూర్పు తలుపుల ముందు వీధి కావాలట. అంటే వొంద్రూష్ దొడ్డి కావాలట. తాత నాటిన అక్రోటు చెట్టు, ఆరబెట్టిన ఓక్ పలకలు ఉన్న దొడ్డి! దొడ్డి పత్రాలు వొంద్రూష్ పేరునే ఉన్నాయి కాబట్టి పురసభ బలవంతంగా లాక్కోలేకపోయింది.

"మీ నాటకశాలలన్నీ ఒకే అచ్చు, అయ్యగారూ," అన్నాడు వొంద్రూష్ మొహం మీదే. "ఒక ఊళ్ళో ఇటలీ చొక్కా తొడుగుతారు, ఇంకో ఊళ్ళో పాత రాజుల కోటు. లోపల మనిషి ఒకడే!"

"ఒకడే, మేస్త్రీ," ష్టాదిక్ నవ్వేశాడు. "చొక్కా కళ్ళకి. లోపలి మనిషి మీ ప్రాణాలకి. వియన్నాలో నాటకశాల తగలబడి, జనం బయటపడలేక లోపలే మాడిపోవడం మర్చిపోయారా? రేపు పరీక్ష. పై అంతస్తులో కూర్చోండి. తూర్పు తలుపులు మూసే ఉంచుతాను. మూడు నిమిషాల్లో హాలు ఖాళీ అయితే మీ దొడ్డి ఊసెత్తను."

మర్నాడు దండులోంచి ఎనిమిది వందల మంది సిపాయిలు వచ్చి కూర్చున్నారు. వొంద్రూష్ వంక పెడదామని అన్నిటికంటే చవక బల్ల వెతుక్కున్నాడు. అక్కణ్ణించీ రంగస్థలం మూలమూలా కనిపించింది. పాలరాయిలా మెరిసేదంతా సున్నమేనని తెలిసీ చూపు తిప్పుకోలేకపోయాడు.

బూర ఊదారు. మెట్ల మీద జనం ఇరుక్కుపోయారు. వొంద్రూష్‌కి ఊపిరాడలేదు.

"పెద్దాయనా, ఆ మోచెయ్యి తియ్యి! పొద్దున తిన్న పిండి ఉండలు బయటికొస్తాయి!" అని అరిచాడో సిపాయి.

ఆఖరివాడు బయటపడేసరికి ఆరు నిమిషాల ఇరవై సెకన్లు. ష్టాదిక్ గడియారం మాత్రం చూపించాడు.

వొంద్రూష్ గునపం తెచ్చి తన దొడ్డి దడి తనే పెరికేశాడు. "మళ్ళీ ఊదించండి," అన్నాడు.

ఈసారి తూర్పు తలుపులు బయటికి తెరుచుకున్నాయి. జనం ఓక్ పలకలు తొక్కుకుంటూ అక్రోటు చెట్టు కిందికి వచ్చిపడ్డారు. రెండు నిమిషాల యాభై సెకన్లు. ష్టాదిక్ టోపీ తీశాడు.

"ఇచ్చేశావా?" ఇంట్లో అడిగింది భార్య అపొలేనా.

"దొంగ పీనుగ! కట్టడమంటే వాడిదేనే."

"ఎంత ఇచ్చావయ్యా?"

"ముప్పై ఏడు చదరపు బారలు. చెట్టుతో సహా."