అరవై ఎనిమిదో ఛానల్లో విన్నీ అత్త

విన్నీ అత్త ఇరవై రెండేళ్లు మా ఊరి రేడియోలో చేపల కబురు చదివింది. శుక్రవారం సాయంత్రం అయిదున్నర అయ్యిందంటే స్ప్రూస్ హార్బర్‌లో ఏ వంటింట్లో విన్నా ఆమె గొంతే. సాల్మన్ ఎంతవరకు వచ్చింది, హాలిబట్ ఎంత లోతులో పడుతోంది, మనిషి ఎన్ని ఉంచుకోవచ్చు, ఎంత పొడవుంటే ఉంచుకోవచ్చు, అన్నీ వరసగా చెప్పేది. "కింగ్ సాల్మన్ ఇరవై ఎనిమిది అంగుళాలంటే ఇరవై ఎనిమిదే. తోక పట్టి లాగితే చేప పెరగదు," అనేది.

ఒకసారి రుఫీనో తన లిగాయా పడవలోంచి రేవులో దింపిన చేపను అత్త కొలకర్రతో కొలిచి, ఆ శుక్రవారమే రేడియోలో చెప్పేసింది: "లిగాయా పడవ, ఇరవై ఏడున్నర." రుఫీనో అరవై దాటినవాడు, తండ్రి కాలం నుంచి గాలం వేస్తున్నవాడు. ఆ రోజు నుంచి ఊళ్లో అతని పేరు 'అరంగుళం' అయిపోయింది. రెండేళ్లుగా అతను విన్నీ అత్త ఎదురుపడితే టోపీ ముందుకు లాక్కుని వెళ్లిపోయేవాడు.

నేనప్పుడు రేవులో డీజిల్ బంకు చూసుకునేదాన్ని. అందుకే ఆ జూన్‌లో జరిగిందంతా కళ్లారా చూశాను, చెవులారా విన్నాను.

శని, ఆదివారాల్లో అన్నిటికన్నా పెద్ద కింగ్ సాల్మన్ పట్టే పోటీ. ఊళ్లో ఉన్న గదులన్నీ నిండిపోయాయి. గురువారం మధ్యాహ్నం చేపల శాఖ నుంచి కాగితం వచ్చింది. నదిలోకి గుడ్లు పెట్టడానికి వచ్చే కింగ్‌లు బాగా తగ్గిపోయాయి కాబట్టి, శనివారం పొద్దుటి నుంచి లోపలి అఖాతంలో కింగ్ పట్టకూడదు. బయట సముద్రంలో పట్టుకోవచ్చు. అయితే పోటీకి వచ్చేవాళ్లందరూ గాలం వేసేది లోపలే. అక్కడ నీళ్లు కదలవు, ఎవరికీ కడుపులో తిప్పదు.

విన్నీ అత్త తన పెట్రెల్ పడవకి డీజిల్ పట్టిస్తుంటే పోటీ కమిటీ పెద్ద హాల్వర్ వచ్చాడు.

"విన్నీ, ఆ కాగితం ఆఫీసు గోడకి అంటించారు. చదివేవాళ్లు చదువుకుంటారు. రేపు నువ్వు హాలిబట్ సంగతి చెప్పు, వాతావరణం చెప్పు. లోపలి అఖాతం సంగతి సోమవారం చూద్దాం."

"సోమవారానికి అక్కడేమన్నా మిగలాలిగా?"

"ఊరంతా జనం. వాళ్లని బయటికి తోలితే సగంమంది కక్కుకుంటూ తిరిగొస్తారు."

"కక్కుకోనీ. చేపలకి మేత."

"నవ్వులాట కాదు!"

"నేను నవ్వట్లేదు హాల్వర్. మా అమ్మ చేపలు ఆరబెట్టే పొగ గుడిసెలో రెండు వేసవులు ఒక్క చేప ముక్క కూడా వేలాడలేదు. అంతకుముందు కూడా నీలాంటోడే ఎవడో సోమవారం చూద్దాం అనుంటాడు."

హాల్వర్ నా వైపు తిరిగి, "నువ్వన్నా చెప్పమ్మా," అన్నాడు. మా బంకు యజమాని కూడా ఆ కమిటీలోనే ఉన్నాడు. నేను గొట్టం చుట్టుకుంటూ ఏమీ విననట్టు నిలబడ్డాను.

శుక్రవారం విన్నీ అత్త రాసిచ్చిన కాగితంలో లోపలి అఖాతం మూసేశారన్న రెండు వాక్యాలను రేడియో మేనేజరు ప్రిసిల్లా కొట్టేసిందట. అత్త ఆ కొట్టేసిన వాక్యాలనే చదవబోయింది. "రేపు పొద్దుటి నుంచి లోపలి అఖాతంలో..." అనేదాకా మాకు వినిపించింది. అంతలో ఆమె గొంతు ఆపేసి అకార్డియన్ పాట వేశారు. ఆరు కాకముందే, ఇక రానక్కర్లేదని ఆమెతో చెప్పేశారు.

ఆమె స్టేషన్ నుంచి నేరుగా రేవుకే వచ్చింది. ఏడ్చినట్టు లేదు. చెంపలు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"రేపు పొద్దున పడవ వైర్‌లెస్‌లో చెప్తాను," అంది. "పోటీ పడవలన్నీ అరవై ఎనిమిదో ఛానల్లోనేగా ఉంటాయి."

"చదివెయ్యి అత్తా, ఎవరు ఆపుతారు?"

"అలా కుదరదే. ఆ ఛానల్ పడవలు మాట్లాడుకోడానికి, ఉపన్యాసాలకి కాదు. నిబంధనలు చదివి వినిపించే నేనే వాటిని మీరితే ఇంకేముంది? ఎవరన్నా అడిగితే మాత్రం జవాబు చెప్పొచ్చు. ఒక్కడు అడిగితే చాలు."

శనివారం ఆరింటికి సన్నగా వాన. నలభై పడవలు ఇంజన్లు వేసుకుని రేవు నుంచి బయటికెళ్లే దారిలో బారులు తీరాయి. బంకులో నా వైర్‌లెస్ గరగరలాడింది.

"పెట్రెల్ పడవ, నేను విన్నీని. ఈ ఛానల్లోనే ఉన్నాను. ఎవరికైనా ఏదైనా తెలుసుకోవాలనుంటే అడగండి."

ఎవరూ మాట్లాడలేదు. అయిదు నిమిషాలకి మళ్లీ అదే మాట అంది. ఈసారి ఎవడో మైకు దగ్గర పెట్టి ఆవులించాడు, ఇంకెవడో నవ్వాడు. నా చేతిలో మైకు ఉంది. బొటనవేలు మీట మీదే ఉంది. యజమాని గాజు తలుపు అవతల కాఫీ తాగుతున్నాడు. నేను నొక్కలేదు. ఇప్పటికీ ఆ అయిదు నిమిషాలు తలుచుకుంటే నాకు సిగ్గుగానే ఉంటుంది.

అత్త మూడోసారి పిలిచింది. అప్పుడు వినిపించింది.

"లిగాయా పడవ. నాకో సందేహం."

రేవులో పడవల మీద జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. రుఫీనో!

"అడుగు," అంది విన్నీ అత్త.

"లోపలి అఖాతంలో ఇవాళ కింగ్ పట్టొచ్చా?"

"పట్టకూడదు. ఇవాళ పొద్దుటి నుంచి ఆగస్టు పదిహేను దాకా మూసేశారు. పొరపాటున గాలానికి పడితే పైకి తియ్యకుండా నీళ్లలోనే విప్పి వదిలెయ్యాలి."

"ఎందుకంట?"

"నదిలో చేపల్ని లెక్కపెట్టే కంచె దగ్గర కిందటేడు ఇదే రోజుకి నాలుగొందల చేపలు దాటాయి. ఈసారి ముప్పై ఒకటి."



"మరి బయటో?"

"అఖాతం చివర దీపం రాయి దాటితే తెరిచే ఉంది. మనిషికొకటి, ఇరవై ఎనిమిది అంగుళాలు."

"ఇరవై ఏడున్నరైతే?"

"వదిలెయ్యాలి రుఫీనో."

"తెలుసులే. అందరూ వింటారని అడిగా."

ఛానల్ నిండా నవ్వులు. మధ్యలో హాల్వర్ దూరాడు. "విన్నీ, ఛానల్ ఖాళీ చెయ్యి! పోటీ పనులకి కావాలి!"

"నువ్వూ ఏమన్నా అడుగుతావా హాల్వర్? చెప్తాను."

 ఏడింటికి పోటీ మొదలైనట్టు కూత వేశారు. లిగాయా ముందుగా ఎడమకి, బయట సముద్రం వైపు తిరిగింది. వెనకే మరో పడవ, మరొకటి. నేను లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిది పడవలు బయటికి వెళ్లాయి, పన్నెండు లోపలికే పోయాయి.

మధ్యాహ్నానికి బయటికి వెళ్లినవాళ్లలో చాలామంది పాలిపోయిన మొహాలతో తిరిగొచ్చారు, చేప దొరికింది తక్కువమందికే. అంతలో లోపలికి వెళ్లిన ఒక కుర్రాడు పెద్ద కింగ్‌ని భుజాన వేసుకుని తూకం దగ్గరికి వచ్చాడు. కొక్కెం దగ్గర హాల్వరే నిలబడ్డాడు.

"ఎక్కడ పట్టావ్?" అని ఒక ముసలావిడ అడిగింది. ఆమె వెనక రేవు రేవంతా నిలబడి ఉంది.

కుర్రాడు నేల చూశాడు. అఖాతం మూసేశారన్నది వినలేదని హాల్వర్ చెప్పడానికి లేదు, పొద్దున ఛానల్లో అందరూ విన్నారు. అతను చాలాసేపు గడ్డం గోక్కుని, చివరికి "తూచను," అని గొణిగి పక్కకి తప్పుకున్నాడు. ఆ తర్వాత కూడా విన్నీ అత్తని పలకరించింది లేదు, ఇప్పటికీ లేదు.

ఆదివారం పొద్దున ఆరింటికి ముందుగా నేనే మీట నొక్కాను. "డీజిల్ బంకు నుంచి. హాలిబట్ సంగతేంటి అత్తా?"  యజమాని తలుపు తోసుకుని వచ్చి, "నీకెందుకే ఈ పని?" అన్నాడు. "తెలుసుకోవాలనుంది," అన్నాను. మైకు కింద పెట్టలేదు. నోటు పుస్తకం తీసి, అత్త చెప్పే లోతులు రాసుకున్నాను.

రెండు వారాలకి ప్రిసిల్లా వానకోటు వేసుకుని పెట్రెల్ దగ్గరికి వచ్చింది.

"శుక్రవారాలు పాటలు పెడుతుంటే జనం తిడుతున్నారండీ. మళ్లీ రండి. కాకపోతే చదవబోయేది ముందుగా ఒకసారి మేం..."

"ఎవరూ చూడరు."

"పోటీ కమిటీ ఒప్పుకోదండీ, రేడియోకి డబ్బులిచ్చేది వాళ్లే."

"అయితే నేనూ ఒప్పుకోను. దారి జారుడుగా ఉంది, చూసుకుని నడువు తల్లీ."

ఆ వేసవంతా పొద్దున ఆరింటికి ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు, ఆమె చెబుతూనే ఉంది. ఆగస్టులో నది లెక్క వచ్చింది: నూట తొంభై. గొప్పేమీ కాదు. ఆ మాటే ఛానల్లో చెప్పి, "వచ్చే ఏడు ఇంకా ముందే మూసేస్తారు. తిట్టుకునేవాళ్లు ఇప్పుడే తిట్టుకోండి, వింటున్నాను," అంది విన్నీ అత్త.