కుట్టుపనావిడ ఇంటి ముందు జాగా

వీధిలో కారు ఆపుకోవాలంటే ఇక ఇంటివాళ్లు కూడా ఏడాదికోసారి రుసుము కట్టాలంది మున్సిపాలిటీ. కట్టినవాళ్లకు గుమ్మం ముందు తెల్లగీతల మధ్య ఒక జాగా. ఆ జాగాలను తనిఖీ చేసే ఉద్యోగికి మొదటి నెలలోనే ఫిర్యాదు అందింది: కుట్టుపని చేసే ఒకావిడ కారు లేకుండానే రుసుము కట్టి, జాగాను ఖాళీగా అట్టేపెట్టుకుందట.

అతను వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం. వాన దంచి కొడుతోంది. ఫిర్యాదు చేసిన పొరుగింటాయన గొడుగుతో ఎదురొచ్చాడు.

"నా బండి రెండు వీధుల అవతల పెట్టుకుని నడిచొస్తున్నానండీ. వాళ్లాయన టాక్సీ నడిపేవాడు. పోయి రెండేళ్లయింది, కారు తుక్కులో కలిసింది. ఇంకెవరికండీ ఈ జాగా?"

"మీరు పెట్టి చూశారా?"

ఆయన నసిగాడు. "ఒకసారి పెట్టా. వెనక నుంచి హారన్ మోగింది, మర్యాదగా. చూస్తే ఎవరూ లేరు. తీసేశాను."

ఉద్యోగి నవ్వుకుంటూ జాగా దగ్గరికి నడిచాడు. వీధంతా నీళ్లు పారుతున్నాయి. గీతల మధ్య మాత్రం కారంత మేర నేల పొడిగా ఉంది. వాన భుజాలెత్తున ఆగి పక్కలకు జారిపోతోంది. చెయ్యి చాచాడు. అప్పుడే ఆపిన ఇంజను వేడి తగిలింది. చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"తడిసిపోతున్నావు, లోపలికి రా నాయనా." మెడలో కొలతల టేపుతో కుట్టుపనావిడ గుమ్మంలో నిలబడి ఉంది. "ఇవాళ మా ఆయన తొందరగా వచ్చారు."

అతను ఆ ఖాళీ జాగా వైపు చూశాడు. "ఆయన లోపలికి... వస్తారా?"

"రారు. మొన్నటిదాకా ఆగే చోటు లేక వీధి చుట్టూ తిరుగుతుండేవారు. ఆ చప్పుడు నాకు తెలియదూ? అందుకే కట్టాను. ఆగారు గానీ దిగట్లేదు. ఎవరైనా బండి తియ్యమంటారని భయమేమో."

పారిపోవాలనే ఉంది అతనికి. అయినా వంగి, కిటికీ ఉండాల్సిన చోటు చూస్తూ అన్నాడు: "అన్నగారూ, నేను ఆఫీసు నుంచి వచ్చాను. ఈ జాగా మీదే. ఎవరూ తియ్యమనరు. దిగండి."

వానలో కారు తలుపు తీసి వేసిన చప్పుడు. చల్లటి గాలేదో అతన్ని ఒరుసుకుంటూ ఇంట్లోకి పోయింది. పొడినేల మీద టపటపా చినుకులు పడ్డాయి.

"ఇన్నాళ్లా?" అంటూ ఆవిడ తలుపు వేసుకుంది.

మరుసటి ఏడు ఆవిడ రుసుము కట్టలేదు. జాగా పొరుగింటాయనకు దక్కింది. పక్కింట్లో రాత్రంతా ఇద్దరి మాటలు వినిపిస్తున్నాయని ఆయన మళ్లీ ఫిర్యాదు రాశాడు. ఉద్యోగి దాన్ని ఎవరికీ చూపించలేదు.