బయటికొచ్చే పొయ్యి

బర్నరు కన్నాల్లో పిన్నీసు తిప్పుతూ మైసయ్య ఈల వేస్తున్నాడు. కోదాడలో ఉషారాణి టీచరు వంటిల్లు అది. గట్టంతా నల్లరాయి, మొహం చూసుకోవచ్చు. "రండి, లోపలికి రండి" అని ఆమె గేటు దగ్గరే పిలిచింది. పీట వేసింది, మంచినీళ్లిచ్చింది. ఆ తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, "మీ ఇంటిపేరేంటండీ?" అంది.

మైసయ్య చెప్పాడు. దాచుకునే అలవాటు లేదు.

"ఓహో. ఆ గట్టు మీద మాత్రం చెయ్యి పెట్టకండి, ఇప్పుడే తుడిచాను."

పని ముగించి చెప్పుల్లో కాళ్లు పెడుతుండగానే లోపల బకెట్ నీళ్లు కుమ్మరించిన చప్పుడు. జర ఆగొచ్చు కదా, గేటన్నా దాటనియ్యరు. టీవీఎస్ స్టార్ట్ చేస్తూ మైసయ్య నవ్వుకున్నాడు.

యాభై తొమ్మిదేళ్ల మనిషి. వెదురుబద్దలా సన్నగా ఉంటాడు. వేళ్ల కణుపుల్లో దిగిన మసి ఏ సబ్బుకూ పోదు. సూర్యాపేటలో కిరాయి రేకుల గది, భార్య సైదమ్మ, బండి వెనక పనిసంచి, పక్కన వేలాడే పిల్ల సిలిండరు, ఇంతే. చదువు ఐదుతో ఖతం. ఇరవై ఏడేళ్లుగా గ్యాసు పొయ్యిలు బాగుచేస్తున్నాడు. వాళ్ల నాయన మాదిగవాడలో కూర్చుని చుట్టూ పది ఊళ్లకు చెప్పులు కుట్టాడు. చెప్పులు విడిచేది ఎలాగూ ఇంటి బయటే, కాబట్టి ఎవరికీ చిక్కు రాలేదు. కొడుకు పోయి పోయి పొయ్యి పని నేర్చుకున్నాడు. పొయ్యి ఉండేది నడింట్లో. అక్కడే వచ్చింది పేచీ.

అందుకే ఆయనకు దారి చెప్పే రాళ్లు అక్కర్లేదు. పొయ్యి ఎక్కడ పెట్టి ఇచ్చారో చూసి ఏ దిక్కున ఉన్నాడో చెప్పగలడు. మెట్ట ఊళ్లలో పొయ్యి అరుగు మీదికి నడిచొస్తుంది. అక్కడ దొరల గడీలు కూలిపోయాయి గానీ, తాము వంగిన చోట ఇంకొకడు వంగాలన్న ఆశ కూలలేదు. కాల్వ కిందికి పోతే, నీళ్ల వెంట దిగువ జిల్లాల నుంచి వచ్చి పొలాలు కొన్నవాళ్లు 'అండీ' తెచ్చారు, దాని కొంగున ముడేసి ఇంటిపేరడగడమూ తెచ్చారు. మధ్యలో ఒక ఊరుంది. దొరల మీద సంఘం లేచిన రోజుల్లో తుపాకులు పట్టినవాళ్లంతా అక్కడ ఒకే కుండలో జొన్న గటక తాగారట. ఆ ముసలివాళ్ల మనవలు ఇప్పటికీ "రా మైసన్నా" అని నేరుగా పొయ్యి దగ్గరికే పిలుస్తారు. అక్కడికి రెండు మైళ్లు పోతే మళ్లీ అరుగే.

మిర్యాలగూడ రైస్‌మిల్లు గదుల్లో బీహారు కూలీలు పక్కన కూర్చోబెట్టుకుని రొట్టె పెట్టారు. మైసయ్య పొంగిపోయాడు. తీరా చూస్తే వాళ్లలో వాళ్లకే రెండు బిందెలు. "నా ఇంటిపేరు వాళ్లకు తెల్వది గన్క రొట్టె దొరికింది" అని ఇంటికొచ్చి సైదమ్మకు చెప్పి కడుపుబ్బ నవ్వాడు.

ఏ ఊళ్లోనూ "లోపలికి రానా" అని అడగలేదు. అడగకపోవడమే ఆయన పరువు.

మధ్యాహ్నానికి మోతె దాటి, రోడ్డు దిగి సోమమ్మ ఇంటికి చేరాడు. గొర్ల మీద బతికి స్లాబు ఇల్లు కట్టిన కుటుంబం. డెబ్బై ఏళ్ల సోమమ్మ గుమ్మం కడప మీద కూర్చుంది. పొయ్యి అరుగు మీద గోనెసంచిలో సిద్ధంగా ఉంది. నెలలో ఇది మూడోసారి.

"మల్ల వాసనొస్తుంది మైసయ్యా. నువ్వు చేసుడే గట్లున్నదా, మా పొయ్యే గట్లున్నదా?"

మైసయ్య పిల్ల సిలిండరు తగిలించి, సబ్బు నురుగు పూసి, వెలిగించి చూశాడు. ఒక్క బుడగ లేదు.

"పొయ్యికి రోగం లేదవ్వా. రోగం లోపలున్నది."

"లోపల నేనేనాయె. నాకేం రోగం?"

కోడలు త్రివేణి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "అయితే బండ సూడు" అంది సోమమ్మ. అత్తా కోడలూ వెనక వసారాలోంచి సిలిండరు దొర్లించుకుంటూ తెచ్చారు. దానికీ నురుగు పూశాడు. దానికీ ఏమీ లేదు. మిగిలింది, వసారా నుంచి వంటింటి గోడ వెంట కొడుకు వేయించిన రాగి పైపు.

"పొయ్యొచ్చింది, బండొచ్చింది. ఇగ గోడొక్కటే మిగిలింది అవ్వా. పట్టుకొస్తరా?"

త్రివేణి ఈసారి పైకే నవ్వింది. కొంగు జారింది. అంచు వెంట జానెడు మేర కాలి బొగ్గయి ఉంది.

"ఇదేంది బిడ్డా?"

"పొద్దున కాకా. అగ్గిపుల్ల గీస్తే మంట గట్టు మీద పాకింది. నీళ్లు పోసుకున్న." మామూలుగా చెప్పి, కాలిన అంచును పిడికిట్లో దాచుకుంది.

మైసయ్య నురుగు గిన్నె కింద పెట్టాడు. సంచి సర్దుకుని పోవచ్చు. పొయ్యి బాగుంది, తన మాట తాను చెప్పాడు. నాలుగు రోజులకు ఈ పిల్ల దవాఖానలో ఉంటే, తప్పు ఎవరిదని ఎవరూ అడగరు. తననూ అడగరు. అదే ఆయనకు నచ్చలేదు.

"అవ్వా, నేను లోపలికొస్తున్న" అన్నాడు.

అడగలేదు. చెప్పాడు.

సోమమ్మ కదల్లేదు. "లోపల దేవుడున్నడు."

"ఉంటే మంచిదే. గ్యాసు వాసన ఆయనకు గూడ వస్తుండొచ్చు."

"నీ నోరు..." అని ముసలామె ఏదో అనబోయింది. త్రివేణి అప్పటికే పనిసంచి భుజానికేసుకుని కడప దాటింది. "రా కాకా."

సోమమ్మ కాళ్లు పక్కకు ముడుచుకుంది. అంతే, ఒక మనిషి పట్టేంత.

లోపల చిన్న గది. స్టీలు డబ్బాలు, మూతికి గుడ్డ కట్టిన తొక్కు జాడీ, మూలకు మసిబట్టిన దేవుడి పటం. సైదమ్మ వంటిల్లే తెచ్చి ఇక్కడ పెట్టినట్టుంది. ఇన్నేళ్లు వీళ్లు దాచిపెట్టింది ఇదా అని మైసయ్యకు నవ్వు ఆగలేదు. బండ, పొయ్యి ఎక్కడివక్కడ తగిలించి, గోడ మలుపులో జాయింటుకు నురుగు పూయగానే బుడగ ఉబ్బింది, రేగుపండంత. పానాతో రెండు చుట్లు బిగించాడు. మళ్లీ నురుగు పూశాడు. నురుగు కదల్లేదు. మంట నీలంగా, తిన్నగా లేచింది.

ఆ మంట మీదే టీ కాచింది త్రివేణి. సోమమ్మ చెయ్యి అలవాటుగా, అరుగు పైన రేకుల సందులో ఇలాంటివాళ్లకని వేరుగా చెక్కిన గ్లాసు దిక్కు పోయింది. ఈలోగా కోడలు లోపలి గ్లాసులోనే పోసి ఇచ్చేసింది.

"తాగినంక కడిగిపెట్టు" అంది సోమమ్మ, బింకంగా.

"కడగకుండ పెట్టుడు మా ఇంట్ల గూడ లేదవ్వా."

ముసలామె మొహం తిప్పుకుంది. ఆమె భుజాలు కదలడం మైసయ్య చూశాడు. నవ్వుకే కదిలాయి.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరి, సంచి దించి, సైదమ్మకు అంతా చెప్పాడు. గోడ సంగతి రెండుసార్లు చెప్పాడు. ఆమె సంచి తడిమింది. "పానా ఏది?"

"సోమమ్మ వంటింట్ల మర్సిన."

"మర్సినవా, పెట్టొచ్చినవా?"

మైసయ్య కంచం ముందుకు లాక్కున్నాడు. "రేపు పోత. తెచ్చుకోవాల్నంటే లోపలికే పోవాలె గద" అని జొన్నరొట్టె తుంచుకున్నాడు. తిని, మంచంలో ఒరిగి, కాసేపు ఈల వేశాడు.

పొద్దున సైదమ్మ టీ పెట్టి పిలిస్తే లేవలేదు. నిద్రలోనే పోయాడు. మొహం మామూలుగానే ఉంది.

నాలుగో రోజుకు కబురు మోతె దాటింది. సైదమ్మ తరఫున ఎవరన్నా వస్తారేమోనని త్రివేణి పానా తీసి అరుగు మీద పెట్టబోయింది.

"ఉండనీ" అంది సోమమ్మ. "వచ్చినోళ్లే లోపలికొచ్చి తీసుకుంటరు."

ఉప్పు జాడీకి, చింతపండు డబ్బాకు మధ్య పానా అలాగే ఉంది, దాని నోట్లో ఎండిన సబ్బు నురుగు తెల్లగా.